మోజెల్ ఒడ్డున రెండు రోజులు: అమ్మానాన్నలతో బెర్న్‌కాస్టెల్-కూస్ చూడాలనుకునేవారికి

మీ ప్రశ్న సారాంశం ఇది: ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉద్యోగం చేస్తున్న మీరు, రాజమహేంద్రవరం నుంచి వస్తున్న అమ్మానాన్నలను రెండు రోజులు జర్మనీలోని మోజెల్ నదీతీరానికి తీసుకువెళ్లాలనుకుంటున్నారు. ఆ ఒడ్డునే ఉన్న రెండు ఊళ్లలో కోఖెమ్‌కు వెళ్లాలా, బెర్న్‌కాస్టెల్-కూస్‌కు వెళ్లాలా అన్నది తేల్చుకోలేకపోతున్నారు. కారు లేదు, నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, అమ్మగారు గుడ్డు కూడా ముట్టని శాకాహారి. అన్నిటికీ మించి ఇంట్లో ఎవరికీ తాగే అలవాటు లేనప్పుడు వైన్‌కు పేరుపడ్డ ఊరికి పనిగట్టుకుని వెళ్లడంలో అర్థం ఉందా అని అడిగారు. అర్థం ఉందనే నా సమాధానం. బెర్న్‌కాస్టెల్-కూస్‌కే వెళ్లండి, ఒక రాత్రి తప్పకుండా అక్కడే ఉండండి, ఉన్న సమయంలో సగానికి పైగా అందరూ ఫొటోలు తీసుకునే బెర్న్‌కాస్టెల్ వైపు కాకుండా వంతెన దాటి కూస్ వైపు గడపండి. ఇరవై ఏళ్లకు పైగా ఈ ప్రాంతంలో నివసిస్తూ, ఇండియా నుంచి వచ్చే బంధుమిత్రులను వెంటబెట్టుకుని తిప్పిన అనుభవంతో ఈ సలహా ఇస్తున్నాను.

ముందుగా కోఖెమ్ సంగతి ముగిస్తాను. కోఖెమ్‌లో రైలు స్టేషన్ ఊళ్లోనే ఉంది, ఊరి నెత్తిన కోట ఉంది. ఆ రెండు సౌకర్యాల వల్లనే అక్కడ జనం ఎక్కువ. ఆ కోటను 1689లో ఫ్రెంచి సైన్యం ధ్వంసం చేసింది. 1868లో బెర్లిన్ వ్యాపారి లూయి రవెనే శిథిలాలను కొని, 19వ శతాబ్దపు అభిరుచికి తగ్గట్టు మళ్లీ కట్టించాడు. చూడముచ్చటగానే ఉంటుంది గానీ, మధ్యయుగపు కోటను చూస్తున్నామనుకుని వెళ్లేవారు ఈ సంగతి తెలుసుకుని వెళ్లడం మంచిది. పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి వచ్చే పని అయితే కోఖెమే సుఖం. మీకు రెండు రోజులు ఉన్నాయి కాబట్టి ఇంకొంత ముందుకు వెళ్లడం న్యాయం.

బెర్న్‌కాస్టెల్, కూస్ నిజానికి రెండు ఊళ్లు. నదికి కుడి ఒడ్డున కొండ మొదట్లో ఇరుక్కున్నట్టు బెర్న్‌కాస్టెల్, ఎడమ ఒడ్డున కొంచెం చదునైన నేల మీద కూస్ ఉంటాయి. 1905లో రెండింటినీ కలిపి ఒకే పట్టణంగా చేశారు. ఇప్పుడు కూడా మొత్తం జనాభా ఏడు వేల చిల్లర మాత్రమే. గోదావరి గట్టున పెరిగిన నాన్నగారు ఈ నదిని చూసి పెదవి విరవవచ్చు, వెడల్పు అంత తక్కువ. అయితే అంత నెమ్మదిగా, అద్దంలా కనిపించే నీటి వెనుక చాలా పని జరిగింది. జర్మనీ, ఫ్రాన్స్, లక్సెంబర్గ్ 1956లో ఒప్పందం చేసుకుని, 1964 నాటికి నది పొడవునా ఆనకట్టలు, లాకులు కట్టి, సరకు పడవలు ఏడాది పొడవునా తిరిగేలా చేశాయి. ఇంత చేసినా వరదలను మాత్రం ఆపలేకపోయారు. ఒడ్డుకు దగ్గరగా ఉన్న పాత ఇళ్ల గోడల మీద ఏ ఏడాది నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో గీతలు గీసి ఉంటాయి. 1993 డిసెంబర్ వరద గీత ఎక్కడుందో చూడమని నాన్నగారికి చెప్పండి. నది ఒడ్డున పుట్టిన మనిషికి అంతకంటే త్వరగా ఊరిని పరిచయం చేసే దారి లేదు.

తాగనివారికి ఇక్కడ ఏముంది అన్న మీ సందేహానికి మొదటి జవాబు బెర్న్‌కాస్టెల్ వెనుక నిలబడి ఉన్న కొండవాలు. ఇది దాదాపు 50 డిగ్రీల ఉత్తర అక్షాంశం. ద్రాక్ష పండించడానికి సహజంగా అనువైన చోటు కాదు. అయినా పండుతున్నదంటే మూడు కారణాలు కలిసి వచ్చాయి. వాలు దక్షిణానికి, నైరుతికి తిరిగి ఉండటం వల్ల తక్కువ ఎత్తులో ఉండే సూర్యుడి ఎండ నిటారుగా పడుతుంది, నది ఆ వెలుతురును కొంత వెనక్కి తిప్పి కొడుతుంది, నేలంతా పరుచుకున్న నల్లని పలకరాయి ముక్కలు పగటి వేడిని పట్టి ఉంచి రాత్రి మెల్లగా వదులుతాయి. ఆ రాయి మన పెద్దల చిన్నప్పటి బడి పలకల రాయి లాంటిదే. తోట పక్క దారిలో నడుస్తూ ఎండ పడిన ఒక ముక్కను సాయంత్రం పూట అమ్మగారి చేతిలో పెట్టి చూడండి, వెచ్చదనం ఇంకా తెలుస్తుంది. తర్వాత దాన్ని తీసిన చోటే పెట్టండి, ఎందుకంటే వానకు కిందికి జారిపోయిన రాళ్లను రైతులు తిరిగి పైకి మోసుకుపోయిన కాలం ఒకటుంది; ఆ రాయి వారికి ఎరువుతో సమానం.

తీగలను కట్టే తీరు కూడా దగ్గర నుంచి చూడదగ్గదే. మామూలు ద్రాక్షతోటల్లో లాగా వరసలుగా తీగ లాగి పందిరి వేయడం ఈ వాలులోని పాత తోటల్లో కనిపించదు. ప్రతి మొక్కకూ విడిగా ఒక గుంజ పాతి, రెండు కొమ్మలను చెరో వైపు వంచి, కింద ముడి వేసి, హృదయం ఆకారంలో కడతారు. అలా కడితే రైతు వాలుకు అడ్డంగా కూడా ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు కదలగలడు. యంత్రం ఎక్కలేని చోట్ల ఒంటి పట్టా మీద నడిచే చిన్న బండిలో మనుషులను, సరకును పైకి చేరుస్తారు. మిగిలిందంతా చేతి పనే. రీస్లింగ్ అనే తెల్లద్రాక్ష ఇక్కడ ఇంతగా విస్తరించడానికి 1787లో ట్రియర్ పాలకుడైన ఆర్చిబిషప్ క్లెమెన్స్ వెంట్సెస్లావుస్ నాసిరకం తీగలు పీకించి మేలురకాలు నాటించాలని ఇచ్చిన ఆజ్ఞ ఒక ముఖ్య కారణం. అంతకు చాలా ముందే, నాలుగో శతాబ్దంలో, రోమన్ కవి ఔసోనియుస్ ఈ నది మీద రాసిన లాటిన్ కావ్యంలో ఒడ్డున ఉన్న ద్రాక్షతోటలను వర్ణించాడు.

బెర్న్‌కాస్టెల్ సంత కూడలి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, ఇంటర్నెట్‌లో మీరు చూసిన ఫొటోలన్నీ అక్కడివే. దుంగల చట్రం బయటికి కనిపించేలా కట్టిన ఇళ్లు, 1606 నాటి సెయింట్ మైకేల్ ఫౌంటెన్, 1608 నాటి పురపాలక భవనం కళ్లకు ఇంపుగానే ఉంటాయి. ఆ భవనం గోడకు నేరస్థులను కట్టి పదిమందిలో నిలబెట్టిన ఇనుప గొలుసులు ఇంకా వేలాడుతుంటాయి, వాటిని చాలామంది గమనించకుండానే వెళ్లిపోతారు. పక్క సందులో 1416 నాటి ష్పిట్స్‌హాయిస్‌ఖెన్ అనే బుల్లి ఇల్లు ఉంది. కింది భాగం సన్నగా, పై అంతస్తులు సందు మీదికి ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి. ఇరుకు సందులో బండ్లు తిరగడానికి వీలుగా అలా కట్టారని చెబుతారు. ఈ కూడలిని ఉదయం తొమ్మిదిలోపు గానీ, సాయంత్రం ఆరు దాటాక గానీ చూడండి. మధ్యలో నది పడవల మీద, బస్సుల మీద గుంపులుగా వచ్చేవారితో అడుగు వేయడం కష్టమవుతుంది. ఇక్కడ ఒక రాత్రి ఉండమని నేను పట్టుబట్టడానికి అసలు కారణం ఇదే. అన్నట్టు కింద పరిచిన రాళ్లు ఎగుడుదిగుడుగా ఉంటాయి, నాన్నగారికి మెత్తని అడుగున్న బూట్లు తప్పనిసరి.

ఊరి పైనున్న లాండ్స్‌హూట్ కోటను 13వ శతాబ్దంలో ట్రియర్ ఆర్చిబిషప్ కట్టించాడు. 1692లో కాలిపోయింది, మళ్లీ కట్టలేదు. శిథిలాల కింద రోమన్ కాలపు కోట ఆనవాళ్లు కూడా బయటపడ్డాయి. కాలినడకన అరగంటకు పైగా ఎక్కాలి, దారి నిటారుగా ఉంటుంది కాబట్టి నాన్నగారికి సలహా ఇవ్వను. వేసవిలో ఊళ్లో నుంచి పైకి చిన్న బస్సు నడుస్తుంది. ఆ రోజు ఉందో లేదో పర్యాటక కార్యాలయంలో అడిగి వెళ్లండి. బస్సు లేకపోతే కోటను కింది నుంచి, వంతెన మీద నుంచి చూస్తే చాలు. ఆ మాటకొస్తే వంతెన మీద నుంచి చూస్తేనే కోట, కొండవాలు, ఊరు ఒకదానికొకటి ఎలా అమరాయో బాగా తెలుస్తుంది.

ఇక వంతెన దాటితే ఎడమ ఒడ్డున నీటికి ఎదురుగా సెయింట్ నికోలస్ హాస్పిటల్ కనిపిస్తుంది. హాస్పిటల్ అన్న పేరు చూసి రోగుల ఆస్పత్రి అనుకోవద్దు, ఇది వృద్ధాశ్రమం. కూస్‌లో పడవల వ్యాపారి ఇంట 1401లో పుట్టి, కార్డినల్ స్థాయికి ఎదిగిన నికోలస్ దీన్ని స్థాపించాడు. తత్వశాస్త్రం చదివినవారికి ఈయన కుసానుస్ అనే లాటిన్ పేరుతో పరిచయం. భూమి విశ్వానికి కేంద్రం కాదని, అసలు విశ్వానికి స్థిరమైన కేంద్రమే లేదని 1440లోనే రాసినవాడు. కోపర్నికస్ అప్పటికి ఇంకా పుట్టలేదు. రోమ్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ పోప్‌కు రాజ్యాధికారం దానం చేశాడని చర్చి శతాబ్దాలుగా చూపిస్తూ వచ్చిన పత్రం నమ్మదగింది కాదని, తాను చర్చి మనిషై ఉండీ వాదించినవాడు. దేవుడి గురించి మనకు తెలియదన్న ఎరుకే అసలైన జ్ఞానమన్న ఆయన ఆలోచన గురించి మీ నాన్నగారితో మాట్లాడి చూడండి. ఉపనిషత్తులు చదివే అలవాటున్న ఇంటిలో ఆ సంభాషణ అంత త్వరగా ముగియదు.

ఆయన తన తోబుట్టువులతో కలిసి కుటుంబ ఆస్తిని ఈ ఆశ్రమానికి ఇచ్చి, 1458లో స్థాపన పత్రం రాశాడు. ముప్పై ముగ్గురు వృద్ధులకు ఆశ్రయం ఇవ్వాలని అందులో నిర్ణయించాడు. క్రీస్తు భూమి మీద జీవించిన సంవత్సరాల సంఖ్య అది. వారిలో ఆరుగురు మతాధికారులు, ఆరుగురు ప్రభువంశీయులు, మిగతా ఇరవై ఒక్కమంది సామాన్యులు. మన దగ్గర గుడికీ సత్రానికీ మాన్యం రాసిచ్చినట్టే, ఆశ్రమం ఖర్చులకు భూములు, ద్రాక్షతోటలు రాసిచ్చాడు. మన మాన్యాలకు తర్వాత ఏ గతి పట్టిందో మీకు తెలిసిందే. ఇక్కడ మాత్రం అయిదున్నర శతాబ్దాలు గడిచినా ఆ ఆస్తి ఆశ్రమానికే ఉంది, తోటల్లో పండిన ద్రాక్షతో వైన్ ఆశ్రమం పేరనే అమ్ముతున్నారు, వృద్ధులు అదే ప్రాంగణంలో నివసిస్తున్నారు. ఇప్పుడు స్త్రీలకు కూడా ప్రవేశం ఉంది. ఈ ఊళ్లో వైన్‌కూ పుణ్యకార్యానికీ మధ్య ఉన్న ఈ లావాదేవీ అర్థమైతే, ఒక్క చుక్క తాగకపోయినా మీరు ఈ లోయకు వచ్చిన పని పూర్తయినట్టే.

లోపల చూడవలసినవి మూడు. మొదటిది నాలుగు వైపులా వరండా ఉన్న చిన్న లోగిలి. ఎండాకాలంలో నాన్నగారు కూర్చుని సేదతీరడానికి ఇంతకంటే మంచి చోటు ఈ ఊళ్లో నాకు తెలియదు. ఆశ్రమవాసులు అటూ ఇటూ తిరుగుతుంటారు, ఇది వారి ఇల్లు కాబట్టి గొంతు తగ్గించి మాట్లాడాలి, వారి ఫొటోలు తీయకూడదు. రెండోది ప్రార్థనా మందిరం. దాని పైకప్పు వంపులన్నీ మధ్యలో ఉన్న ఒకే స్తంభం మీదికి వచ్చి కూడుకుంటాయి. నికోలస్ 1464లో ఇటలీలోని తోడిలో చనిపోయాడు. దేహాన్ని రోమ్‌లో ఖననం చేశారు, గుండెను మాత్రం ఆయన కోరిక ప్రకారం ఇక్కడికి తెచ్చి ఈ మందిరం నేలలో ఉంచారు. దాని మీద ఉన్న ఇత్తడి ఫలకంలో ఆయన ఆకారం చెక్కి ఉంటుంది. బలిపీఠం మీది చిత్రంలో కూడా ఎర్రని వస్త్రాలలో మోకరిల్లిన దాత ఆయనే. మూడోది గ్రంథాలయం. 9 నుంచి 15వ శతాబ్దం వరకు చేతితో రాసిన గ్రంథాలు మూడు వందలకు పైగా ఉన్నాయి; వాటితో పాటు ఆయన 1444లో న్యూరెంబర్గ్‌లో కొన్న ఖగోళ పరికరాలు కూడా ఉన్నాయి. గ్రంథాలయంలోకి మార్గదర్శి వెంట మాత్రమే, నిర్ణీత రోజుల్లో మాత్రమే పంపిస్తారు. మీరు ప్రయాణ తేదీలు ఖరారు చేసుకునే ముందే ఆశ్రమానికి ఫోన్ చేసి ఆ రోజులు తెలుసుకోండి, వీలైతే ప్రయాణాన్నే దానికి తగ్గట్టు జరపండి. మార్గదర్శి వివరణ ఎక్కువగా జర్మన్‌లోనే ఉంటుంది కాబట్టి మీరు పక్కన నిలబడి తెలుగులో చెప్పవలసి రావచ్చు. ముందురోజు కాస్త చదువుకుని వెళ్తే ఇబ్బంది ఉండదు.

కారు లేకపోవడం పెద్ద లోటు కాదు, ఒక రకంగా మేలే. బెర్న్‌కాస్టెల్-కూస్‌కు ఇప్పుడు రైలు లేదు. దగ్గరి ప్రధాన స్టేషన్ విట్లిఖ్, అక్కడి నుంచి బస్సు. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి మైంజ్, కోబ్లెంజ్ మీదుగా ప్రాంతీయ రైళ్లలో వెళ్తే బస్సుతో కలిపి సుమారు నాలుగు గంటలు పడుతుంది. ఆ నాలుగు గంటలూ వృథా కావు. మైంజ్ నుంచి కోబ్లెంజ్ వరకు రైలు రైన్ నది ఎడమ ఒడ్డున నడుస్తుంది, కుడివైపు కిటికీ దగ్గర కూర్చుంటే నది, కోటలు కనిపిస్తాయి. కోబ్లెంజ్ దాటాక మోజెల్ వైపు తిరుగుతుంది. కోఖెమ్ వరకు ఎడమవైపు కూర్చోవాలి. కోఖెమ్ దాటగానే నాలుగు కిలోమీటర్లకు పైగా పొడవున్న కైజర్ విల్హెల్మ్ సొరంగం వస్తుంది, 1879 నాటిది. ఆ తర్వాత బుల్లాయ్ స్టేషన్ దాటాక రెండంతస్తుల వంతెన మీద నదిని దాటుతారు. మీ ఊరి రోడ్డు-రైలు వంతెనకు కింద రైలు, పైన రోడ్డు అయితే, ఇక్కడ పైన రైలు, కింద రోడ్డు. రాజమహేంద్రవరం మనిషికి ఇది ముందుగా చెప్పకండి, ఆయనే కనిపెట్టనివ్వండి.

టికెట్ విషయానికి వస్తే, మీకు డాయిచ్‌లాండ్ టికెట్ (దేశమంతటా ప్రాంతీయ రైళ్లలో, బస్సుల్లో చెల్లే నెలవారీ టికెట్) ఉంటే ఈ దారంతా అదే చెల్లుతుంది. అమ్మానాన్నలకు ఆ నెలకు అదే తీసుకోవచ్చు గానీ అది నెలనెలా కొనసాగే చందా కాబట్టి గడువులోగా రద్దు చేయడం మరచిపోకూడదు. లేదంటే మైంజ్ వరకు మామూలు టికెట్, అక్కడి నుంచి రైన్‌లాండ్-ఫాల్జ్ రోజు టికెట్ తీసుకుంటే అయిదుగురి వరకు కలిసి ఒకే టికెట్ మీద ప్రయాణించవచ్చు, ప్రాంతీయ రైళ్లలోనూ బస్సుల్లోనూ చెల్లుతుంది. పనిదినాల్లో అది ఉదయం తొమ్మిది గంటల నుంచి మాత్రమే అమలవుతుందని గుర్తుంచుకోండి. ఆదివారం బస్సులు పలచబడతాయి, సాయంత్రం త్వరగా ముగుస్తాయి. తిరుగు బస్సు వేళ ముందురోజే చూసి పెట్టుకోండి.

వెళ్లేటప్పుడు విట్లిఖ్ దారిన వెళ్లి, వచ్చేటప్పుడు పడవ ఎక్కడం నా దృష్టిలో అన్నిటికంటే మంచి ఏర్పాటు. ఈస్టర్ ప్రాంతం నుంచి అక్టోబర్ చివరిదాకా బెర్న్‌కాస్టెల్ నుంచి ట్రాబెన్-ట్రార్‌బాఖ్ అనే పక్క ఊరికి ప్రయాణికుల పడవలు తిరుగుతాయి, సుమారు రెండు గంటల ప్రయాణం. కొండ మీదుగా నడిచేవారికి ఈ రెండు ఊళ్ల మధ్య దూరం ఏడెనిమిది కిలోమీటర్లే. నది మాత్రం ఇరవై కిలోమీటర్లకు పైగా మెలికలు తిరిగి వెళ్తుంది. దారిలో వేలెన్ దగ్గర తోట మధ్యలో రాతి మీద 1842లో కట్టిన నీడగడియారం కనిపిస్తుంది, తోటలో పని చేసేవారు పొద్దు చూసుకోవడానికి కట్టినది. త్సెల్టింగెన్ దగ్గర పడవ లాకులోకి దిగి, తలుపులు మూసుకుని, నీళ్లు తగ్గి, అవతలి మట్టానికి చేరే తతంగమంతా డెక్ మీద నిలబడి చూడవచ్చు. ధవళేశ్వరం లాకులు చూసిన నాన్నగారు మీకే వివరించి చెబుతారు. కొంచెం ముందుకు వెళ్లాక తలెత్తితే 2019లో తెరిచిన హోఖ్‌మోజెల్ వంతెన నదికి 158 మీటర్ల ఎత్తున కనిపిస్తుంది. లోయ అందం చెడిందని గొడవ చేసినవారు చాలామంది ఉన్నారు. కింద నుంచి చూసినప్పుడు నాకూ వారితో ఏకీభవించాలనే అనిపిస్తుంది.

ట్రాబెన్-ట్రార్‌బాఖ్ నుంచి బుల్లాయ్‌కు చిన్న రైలు ఉంది, అక్కడ ప్రధాన మార్గాన్ని అందుకోవచ్చు. రైలుకు వ్యవధి ఉంటే ఆ ఊళ్లో 1900 ప్రాంతంలో బ్రూనో మ్యోరింగ్ అనే వాస్తుశిల్పి కట్టిన భవనాలు చూడండి. ఆయనే కట్టిన ఒక పాత వైన్ వ్యాపార భవనంలో ఇప్పుడు బుద్ధ విగ్రహాల మ్యూజియం ఉంది. అమరావతి, నాగార్జునకొండ ఉన్న నేల నుంచి వచ్చినవారు వైన్ నేలమాళిగల ఊళ్లో బుద్ధుణ్ని చూడటం తమాషాగా ఉంటుంది. తెరిచి ఉండే రోజులు ముందుగా కనుక్కోండి.

అమ్మగారి భోజనం గురించి నిజం చెప్పాలి: కొంచెం కష్టమే, అసాధ్యం కాదు. శాకాహారం అని రాసి ఉన్నంత మాత్రాన ఇక్కడ గుడ్డు లేదని కాదు. ష్పేట్స్‌లె అనే పిండివంటలో గుడ్డు ఉంటుంది, బంగాళాదుంప అట్లలో చాలాసార్లు కలుపుతారు, కూరగాయల సూప్‌ను మాంసం ఉడికించిన నీళ్లతో చేసే అవకాశం ఉంది, కేకుల్లో జెలటిన్ ఉండవచ్చు. ఉన్నంతలో భరోసాగా అడగదగింది ఫ్లామ్‌కూఖెన్. పలచని రొట్టె మీద పుల్లని మీగడ, ఉల్లిపాయ ముక్కలు పరిచి కాలుస్తారు. మామూలుగా పంది మాంసం ముక్కలు కూడా వేస్తారు కాబట్టి ‘ఓనె ష్పెక్’ (పంది మాంసం లేకుండా) అని స్పష్టంగా చెప్పాలి. పిండిలో గుడ్డు వేశారా అని కూడా ఒక మాట అడగండి. రెండు పూటలకు మించి ఇది తినడం ఎవరికైనా విసుగు పుట్టిస్తుంది, అందుకే హోటల్ గది బదులు వంటగది ఉన్న ఫెరియెన్‌వోనుంగ్ (సెలవులకు అద్దెకిచ్చే ఇల్లు) తీసుకోమంటాను. కూస్ వైపు అలాంటివి చాలా ఉన్నాయి, అద్దె తక్కువ, నేల చదును, నాన్నగారి మోకాళ్లకూ అదే మంచిది. శనివారం సాయంత్రంలోగా పాలు, పెరుగు, కూరగాయలు కొనిపెట్టుకోండి, ఆదివారం సూపర్‌మార్కెట్లు తెరవరు. బియ్యం, పప్పు, ఆవకాయ మీ ఇంటి నుంచే వస్తాయని నాకు తెలుసు.

తాగకపోయినా ఒక ద్రాక్షరైతు ఇంటి ముంగిట కూర్చుని రావాలి. ష్ట్రౌస్‌విర్ట్‌షాఫ్ట్ అని ఇక్కడ ఒక పద్ధతి ఉంది. రైతు తన ఇంట్లోనో కొట్టంలోనో ఏడాదికి నాలుగు నెలలకు మించకుండా, నలభై సీట్లకు మించకుండా, తన తోట వైన్‌ను సాదా తిండితో పాటు అమ్ముకోవచ్చు. గుమ్మానికి పచ్చని కొమ్మో చీపురో కట్టి ఉంటే తెరిచి ఉన్నట్టు గుర్తు. అక్కడ ‘ట్రౌబెన్‌జాఫ్ట్’ అడిగితే అదే తోట ద్రాక్షరసం ఇస్తారు. డబ్బా రసాలకూ దీనికీ పోలిక లేదు. సెప్టెంబర్ చివర్లో వెళ్తే ఫెడర్‌వైసర్ అనే మబ్బు రంగు పానీయం అన్నిచోట్లా అమ్ముతారు. తియ్యగా ఉంటుంది కాబట్టి పిల్లల రసమని పొరబడతారు. అది పులుస్తూ ఉన్న ద్రాక్షరసం, అందులో ఆల్కహాల్ ఉంటుంది. గాలి పోవడానికి సీసా మూత బిగించరు, సంచిలో పడుకోబెడితే బట్టలన్నీ తడుస్తాయి.

ఆఫీసులో ఎవరికైనా బహుమతిగా సీసా కొనదలిస్తే ఒక జాగ్రత్త. బెర్న్‌కాస్టెల్ డాక్టర్ అనేది ఊరికి సరిగ్గా పైనున్న మూడు హెక్టార్ల చిల్లర తోట పేరు. 14వ శతాబ్దంలో జబ్బుపడ్డ ఆర్చిబిషప్ బోయెముండ్ ఆ వైన్ తాగి కోలుకున్నాడని కథ. దాని ధర ఎక్కువ. బెర్న్‌కాస్టెలర్ కుర్‌ఫ్యుర్‌స్ట్‌లాయ్ అని రాసి ఉన్న చవక సీసాలో ఉండేది చుట్టుపక్కల అనేక గ్రామాల ద్రాక్ష కావచ్చు. మోసం కాదు, చట్టం ఒప్పుకున్న పాత పేరు, కానీ ఊరి పేరు చూసి మురిసిపోకూడదు. సెయింట్ నికోలస్ హాస్పిటల్ వైన్ కొంటే బహుమతితో పాటు చెప్పడానికి మంచి కథ కూడా ఉంటుంది.

చివరగా కాలం. మే రెండో సగం, జూన్ నెల మీకు అన్నివిధాలా అనుకూలం. పగలు పొడవు, పడవలు నడుస్తాయి, రద్దీ భరించదగినంత ఉంటుంది. సెప్టెంబర్ మొదటి వారాంతంలో మధ్య మోజెల్ వైన్ ఉత్సవం ఇక్కడే జరుగుతుంది, ఆ రోజుల్లో గది దొరకదు, వృద్ధులతో ఆ జనంలో తిరగలేరు. కోతల కాలంలో తోటల మధ్య దారులు కొన్ని మూసివేస్తారు, బోర్డు ఉంటే లోపలికి వెళ్లవద్దు. నవంబర్ నుంచి పడవలు ఉండవు, చాలా బసలు మూతపడతాయి. క్రిస్మస్ సంతల కోసం మాత్రం జనం మళ్లీ వస్తారు. ట్రియర్ కూడా కలుపుకుందామా అని రాశారు. రెండు రోజుల్లో వద్దు. మూడో రోజు దొరికితే విట్లిఖ్ నుంచి ట్రియర్‌కు నేరుగా రైలు ఉంది, అప్పుడు పడవ ప్రయాణాన్ని మొదటి రోజుకు మార్చుకుని, ట్రాబెన్-ట్రార్‌బాఖ్ వైపు నుంచి ఊళ్లోకి ప్రవేశించండి.